డేటాబేస్ పట్టికలలో తేదీల స్వయం నవీకరణ: వ్యవసాయ పరిశోధన రికార్డులకు అనువైన పద్ధతులు

క్షేత్ర పరిశోధనలో తేదీకి ఉన్న ప్రాధాన్యం దిగుబడికి ఉన్న ప్రాధాన్యం కంటే తక్కువ కాదు. విత్తిన రోజు, నాటిన రోజు, 50 శాతం పూతకు వచ్చిన రోజు, కోసిన రోజు సరిగా నమోదైతేనే ఒక రకం స్వల్పకాలికమో దీర్ఘకాలికమో తేల్చడం సాధ్యమవుతుంది. బాపట్ల నుండి వెలువడిన బి.పి.టి. 5204 సుమారు 150 రోజులలో, మారుటేరు నుండి వెలువడిన ఎం.టి.యు. 1010 సుమారు 120 రోజులలో కోతకు వస్తాయన్న సమాచారం ఆధారంగానే రైతు నారుపోసే సమయాన్నీ, తరువాతి పంటనూ నిర్ణయించుకుంటాడు. ఈ అంకెలు నేరుగా కొలిచినవి కావు. అవి రెండు తేదీల మధ్య వ్యత్యాసాలు. తేదీ తప్పితే అంకె తప్పుతుంది.

క్షేత్ర పుస్తకాలలోని వివరాలు ఇప్పుడు కంప్యూటరు డేటాబేస్‌లలోకి చేరుతున్నాయి. వాటితో పాటు ఒక సహజమైన కోరిక కూడా మొదలవుతుంది: తేదీలను ఎవరూ చేతితో మార్చనవసరం లేకుండా పట్టికే తనంతట తాను ఎప్పటికప్పుడు సరిచేసుకోవాలి. ఈ కోరిక కొన్ని తేదీల విషయంలో న్యాయమైనది, సులభంగా నెరవేరేది. మరికొన్ని తేదీల విషయంలో అదే కోరిక పరిశోధన ఫలితాన్ని గుర్తుపట్టలేని విధంగా పాడుచేయగలదు. ఏ తేదీ ఏ వర్గానికి చెందుతుందో, ఒక్కొక్క వర్గానికి ఏ పద్ధతి తగినదో ఈ వ్యాసం వివరిస్తుంది.

తేదీలలో మూడు వర్గాలు

పట్టికలోని ఏ తేదీనైనా మూడు వర్గాలలో ఒకదానిలో చేర్చవచ్చు.

మొదటిది సంఘటన తేదీ. విత్తడం, నాటడం, ఎరువు వేయడం, పూత, కోత, మొలక పరీక్ష, పశువుకు కృత్రిమ గర్భధారణ చేయించడం వంటివి పొలంలోనో పాకలోనో జరిగిన సంఘటనలు. జరిగిన సంఘటన తేదీ మారదు. నమోదులో పొరపాటు దొర్లినప్పుడు మాత్రమే, కారణం రాసి, మనిషి దానిని సరిదిద్దాలి. యంత్రం దానిని తనంతట తాను ముట్టుకోకూడదు.

రెండవది నమోదు తేదీ. ఒక వరుస పట్టికలోకి ఎప్పుడు చేరింది, చివరిసారి ఎప్పుడు మారింది అన్నవి పొలానికి సంబంధించిన విషయాలు కావు, రికార్డుకు సంబంధించినవి. వీటిని మనిషి రాయనవసరం లేదు, రాయకూడదు కూడా. ఇవి పూర్తిగా యంత్రం పని.

మూడవది నేటి తేదీపై ఆధారపడే విలువ. నారు వయసు ఎన్ని రోజులు, విత్తన నిల్వకు చెల్లుబాటు ఉన్నదా లేదా, ఈనడానికి ఇంకా ఎన్ని రోజులు ఉన్నాయి అన్నవి ప్రతి రోజూ మారుతాయి. వీటిని పట్టికలో నిల్వచేయడమే పొరపాటు. అడిగినప్పుడు లెక్కించి చూపాలి.

స్వయం నవీకరణ అనే మాట రెండవ వర్గానికి మాత్రమే నేరుగా వర్తిస్తుంది. మొదటి వర్గాన్ని రక్షించాలి, మూడవ వర్గాన్ని గణించాలి. రికార్డులలో తలెత్తే తేదీ దోషాలలో చాలా వరకు ఈ మూడింటినీ ఒకటిగా భావించడం వల్ల కలిగేవే.

స్ప్రెడ్‌షీట్‌లో మొదలయ్యే పొరపాటు

చాలా కేంద్రాలలో రికార్డు మొదట ఎక్సెల్ పత్రంగా ప్రారంభమవుతుంది. విత్తిన తేదీ గడిలో 'టుడే' అనే సూత్రాన్ని ఉంచితే ఆ రోజు తేదీ కనిపిస్తుంది. నమోదు పూర్తయిందని భావించి పత్రాన్ని మూసివేస్తారు. కానీ ఆ గడిలో ఉన్నది తేదీ కాదు, సూత్రం. మరుసటి రోజు పత్రాన్ని తెరిచినప్పుడు అదే గడి మరుసటి రోజు తేదీని చూపుతుంది. కోత సమయానికి తెరిస్తే విత్తిన తేదీ, కోత తేదీ ఒక్కటే అవుతాయి.

ఎక్సెల్‌లో ఆ రోజు తేదీని స్థిరంగా రాయడానికి కంట్రోల్ మీటతో పాటు సెమీకోలన్ మీటను నొక్కాలి. అప్పుడు గడిలో సూత్రం కాక విలువ చేరుతుంది, తరువాత మారదు. 'టుడే' సూత్రానికి తగిన చోటు మూడవ వర్గంలో ఉంది: నేటి తేదీ నుండి విత్తిన తేదీని తీసివేసి పైరు వయసును చూపడానికి అది సరైన సాధనం. ఈ తేడా అర్థమైతే డేటాబేస్‌లోని పద్ధతులను గ్రహించడం సులభం.

నమోదు తేదీకి డిఫాల్ట్ విలువ

కొత్త వరుస చేరినప్పుడు తేదీని యంత్రమే రాయడానికి సరళమైన మార్గం డిఫాల్ట్ విలువ. పట్టికను నిర్మించేటప్పుడే నమోదు తేదీ నిలువు వరుసకు 'కరెంట్ టైమ్‌స్టాంప్' డిఫాల్ట్‌గా ఇస్తే, నమోదు చేసే వ్యక్తి ఆ గడిని వదిలివేసినప్పుడు ఆ క్షణపు తేదీ, సమయం అక్కడ చేరుతాయి. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూలైట్ మూడింటిలోనూ ఈ సౌకర్యం ఉంది. మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో పట్టిక రూపకల్పన తెరపై డిఫాల్ట్ విలువగా 'డేట్' లేదా 'నౌ' ఫంక్షన్ ఇవ్వవచ్చు. మైఎస్‌క్యూఎల్‌లో సమయం లేని కేవలం తేదీ రకానికి నేటి తేదీని డిఫాల్ట్‌గా ఇవ్వడం 8.0.13 సంచిక నుండి సాధ్యమైంది. అందుకు నేటి తేదీ ఫంక్షన్‌ను కుండలీకరణాలలో రాయాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. సంఘటన తేదీలకు డిఫాల్ట్ విలువ ఇవ్వకూడదు. క్షేత్ర పుస్తకంలోని పరిశీలనలు అదే రోజు కంప్యూటరులోకి చేరడం అరుదు. సోమవారం చూసిన పూతను గురువారం నమోదు చేస్తున్నప్పుడు తేదీ గడిని మరచిపోతే, డిఫాల్ట్ విలువ అక్కడ గురువారం తేదీని ఉంచుతుంది. ఖాళీ గడి కంటికి కనిపిస్తుంది, సరిదిద్దే అవకాశం ఉంటుంది. తప్పుడు తేదీ నిండిన గడి సరైనదిగానే కనిపిస్తుంది. అందువల్ల పూత తేదీ వంటి నిలువు వరుసకు డిఫాల్ట్ ఇవ్వక, పరిశీలనల పట్టికలో ఆ గడిని తప్పనిసరి చేయడం మంచిది. తేదీ రాయకపోతే వరుసను డేటాబేస్ స్వీకరించదు.

పరిశీలన తేదీ, నమోదు తేదీ అనే రెండు వేర్వేరు నిలువు వరుసలు ఉండటం వల్ల మరొక ప్రయోజనం ఉంది. పరిశీలన తేదీ నమోదు తేదీ కంటే తరువాతిది కాకూడదన్న నియమాన్ని పట్టికకే అప్పగించవచ్చు. అలాగే పూత తేదీ విత్తిన తేదీ కంటే ముందు ఉండకూడదన్న నియమాన్నీ విధించవచ్చు. మైఎస్‌క్యూఎల్‌లో ఇటువంటి 'చెక్' నియమాలు 8.0.16 సంచిక నుండి మాత్రమే అమలవుతాయి. అంతకు ముందు సంచికలు వాటిని తప్పుపట్టకుండా చదివి వదిలివేసేవి. పాత సర్వరు మీద ఆ నియమం రాసినంత మాత్రాన రక్షణ ఉన్నదని భావించరాదు.

మార్పు తేదీ: పట్టికే రాసుకునే విధానం

చివరి మార్పు తేదీ ప్రతి మార్పుతోనూ నవీకరణ చెందాలి. ఈ పనిని నమోదు తెరకు, అంటే అప్లికేషన్‌కు అప్పగిస్తే ఒక లోపం మిగులుతుంది. మరొకరు వేరే సాధనంతో నేరుగా పట్టికను మార్చినప్పుడు ఆ తేదీ మారదు. కాబట్టి ఈ పనిని డేటాబేస్‌కే అప్పగించడం మేలు.

మైఎస్‌క్యూఎల్‌లో నిలువు వరుస నిర్వచనంలోనే 'ఆన్ అప్‌డేట్ కరెంట్ టైమ్‌స్టాంప్' అనే నిబంధన చేర్చవచ్చు. వరుసలోని మరే విలువ అయినా నిజంగా మారినప్పుడు ఆ గడి ప్రస్తుత సమయానికి మారుతుంది. ఉన్న విలువనే తిరిగి రాస్తే మారదు.

పోస్ట్‌గ్రెస్‌లో ఈ నిబంధన లేదు. అక్కడ ట్రిగ్గర్ రాయాలి. ట్రిగ్గర్ అంటే పట్టికలో మార్పు జరిగినప్పుడు డేటాబేస్ తనంతట తాను నడిపే చిన్న విధానం. మార్పుకు ముందు నడిచే ట్రిగ్గర్‌లో కొత్త వరుసలోని మార్పు తేదీ గడికి ప్రస్తుత సమయాన్ని ఇచ్చి, ఆ వరుసను తిరిగి పంపితే సరిపోతుంది. అయితే విలువలు మారకపోయినా మార్పు ఆజ్ఞ అందితే ఈ ట్రిగ్గర్ నడుస్తుంది. పాత వరుసకు, కొత్త వరుసకు తేడా ఉన్నప్పుడే నడవాలన్న షరతును ట్రిగ్గర్‌కు జతచేస్తే ఈ ఇబ్బంది తొలగుతుంది. పోస్ట్‌గ్రెస్‌లోని 'నౌ' ఫంక్షన్ ఆ లావాదేవీ మొదలైన సమయాన్ని ఇస్తుంది కాబట్టి, ఒకే లావాదేవీలో మారిన వరుసలన్నింటికీ ఒకే సమయం పడుతుంది. ఏ వరుసలు కలిసి మారాయో గుర్తించడానికి ఇది ఉపయోగకరం.

ఎస్‌క్యూలైట్‌లోనూ ట్రిగ్గరే మార్గం. మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో 2010 సంచిక నుండి పట్టికకే 'బిఫోర్ ఛేంజ్' అనే డేటా మాక్రోను జతచేయవచ్చు. నమోదు తెర ద్వారా మార్చినా, నేరుగా పట్టికను తెరిచి మార్చినా అది పనిచేస్తుంది. అంతకు ముందు సంచికలలో నమోదు తెరకు మాత్రమే ఈ ఏర్పాటు సాధ్యమయ్యేది. పట్టికను నేరుగా మార్చినవారి మార్పు తేదీ నమోదయ్యేది కాదు.

విత్తిన తేదీ చెరిగిపోయే విధం

స్వయం నవీకరణ తప్పు నిలువు వరుసకు అంటుకుంటే ఏమవుతుందో తెలుసుకోవడానికి మైఎస్‌క్యూఎల్ పాత సంచికల స్వభావమే చక్కని ఉదాహరణ. 8.0కు ముందు సంచికలలో, డిఫాల్ట్ అమరికల ప్రకారం, పట్టికలోని మొదటి టైమ్‌స్టాంప్ రకపు నిలువు వరుసకు నిర్మాత ఏ నిబంధనా ఇవ్వకపోతే డేటాబేసే రెండు నిబంధనలు చేర్చేది: కొత్త వరుసకు ప్రస్తుత సమయం, ప్రతి మార్పుకూ ప్రస్తుత సమయం. 8.0 శ్రేణిలో ఈ అమరిక మారింది. కానీ పాత సంచికలో నిర్మించి కొత్త సర్వరుకు తరలించిన పట్టిక తన పాత నిబంధనను వెంట తెచ్చుకుంటుంది.

ఒక వరి రకాల పరీక్షను ఊహించుకుంటే దీని పర్యవసానం స్పష్టమవుతుంది. 2024 జులై 8న విత్తిన మడుల వివరాలు అదే రోజు పట్టికలో చేరాయి. విత్తిన తేదీ నిలువు వరుస టైమ్‌స్టాంప్ రకానికి చెందినది, పట్టికలో మొదటిది. జులై 15న ఒక పునరావృతంలోని మూడు మడుల సంఖ్యలు తారుమారైనట్లు గమనించి సరిదిద్దారు. మడి సంఖ్య మాత్రమే మార్చినా, ఆ మూడు వరుసలలో విత్తిన తేదీ కూడా జులై 15 అయింది. తెరపై ఏ హెచ్చరికా రాదు.

ఆ మడులు అక్టోబరు 6న 50 శాతం పూతకు వచ్చాయనుకుంటే, అసలు లెక్క 90 రోజులు. పట్టిక చూపే లెక్క 83 రోజులు. 7 రోజుల తేడా ఒక రకాన్ని ముందుగా పూతకు వచ్చే రకంగా చూపడానికి చాలు. అన్ని వరుసలూ ఒకే విధంగా మారి ఉంటే ఎవరైనా గమనించేవారు. ఒక పునరావృతంలోని కొన్ని మడులు మాత్రమే మారినందున, ఆ తేడా విస్తృతి విశ్లేషణలో ప్రయోగ దోషంగా కలిసిపోతుంది. నేల వైవిధ్యమో, నీటి ఎద్దడో కారణమని విశ్లేషకుడు భావించే ప్రమాదం ఉంది. పొలంలో పైరు కోసిన తరువాత ఈ దోషాన్ని పొలం నుండి సరిచూసుకునే వీలు లేదు. క్షేత్ర పుస్తకం ఒక్కటే ఆధారం.

కాబట్టి సంఘటన తేదీలకు టైమ్‌స్టాంప్ రకాన్ని వాడక, కేవలం తేదీ రకాన్ని వాడాలి. విత్తడానికి గంట, నిమిషం అవసరం లేదు. తేదీ రకానికి స్వయం నవీకరణ నిబంధన వర్తించదు. పాత పట్టికలు ఉన్నచోట, పట్టిక నిర్వచనాన్ని చూపే ఆజ్ఞను నడిపి, ఏ నిలువు వరుసకు 'ఆన్ అప్‌డేట్' నిబంధన ఉన్నదో ఒకసారి చదివి చూడటం మంచిది.

టైమ్‌స్టాంప్ రకానికి మరొక పరిమితి కూడా ఉంది. మైఎస్‌క్యూఎల్‌లో అది 1970 జనవరి 1 నుండి 2038 జనవరి 19 వరకు గల సమయాన్ని మాత్రమే నిల్వచేస్తుంది. 1965లో నాటిన కొబ్బరి చెట్టు లేదా మామిడి చెట్టు నాటిన తేదీ అందులో ఇమడదు. నేడు నాటిన తోట 2040లో ఇచ్చే దిగుబడి తేదీ కూడా ఇమడదు. దీర్ఘకాలిక ఉద్యాన పంటల రికార్డులకు తేదీ రకమే తగినది.

నేటి తేదీపై ఆధారపడే విలువలు

జులై 8న విత్తిన నారుకు జులై 31న వయసు 23 రోజులు. ఆ అంకెను పట్టికలో రాసి ఉంచితే ఆగస్టు 1న అది అబద్ధమవుతుంది. ప్రతి రాత్రీ ఆ నిలువు వరుసను నవీకరించే ఏర్పాటు చేయవచ్చు కదా అన్న ప్రశ్న సహజం. మైఎస్‌క్యూఎల్‌లో ఈవెంట్ షెడ్యూలర్, పోస్ట్‌గ్రెస్‌లో పి.జి. క్రాన్ అనే అనుబంధం, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఏజెంట్ ఈ పని చేయగలవు. కానీ అర్ధరాత్రి సర్వరు పనిచేస్తూ ఉండాలి. సాయంత్రం కార్యాలయం మూసేటప్పుడు కంప్యూటరును కూడా ఆపివేసే కేంద్రంలో, లేదా విద్యుత్తు పోయిన రాత్రి, ఆ పని జరగదు. నిన్నటి అంకె నేటి అంకెగా చలామణి అవుతుంది. పైగా ప్రతి రాత్రీ పట్టికలోని ప్రతి వరుసా మారడం వల్ల చివరి మార్పు తేదీ అర్థరహితమవుతుంది. మనిషి చేసిన మార్పు ఏదో, యంత్రం చేసిన మార్పు ఏదో తెలియదు.

లెక్కించే నిలువు వరుసను పట్టికలోనే నిర్మించే సౌకర్యం కూడా ఇక్కడ అక్కరకు రాదు. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ రెండూ అటువంటి నిలువు వరుసలో నేటి తేదీ ఫంక్షన్‌ను అనుమతించవు. ఒకే వరుసకు నేడు ఒక విలువ, రేపు మరొక విలువ రావడాన్ని నిల్వ పద్ధతి అంగీకరించదు. ఈ నిరాకరణను అడ్డంకిగా కాక సూచనగా తీసుకోవాలి: నేటి మీద ఆధారపడేదానికి పట్టికలో చోటు లేదు.

సరైన సాధనం వ్యూ. వ్యూ అంటే పేరు పెట్టి భద్రపరచిన ప్రశ్న. అందులో డేటా ఉండదు, డేటాను ఎలా లెక్కించాలో ఉంటుంది. విత్తిన తేదీ పట్టికలో స్థిరంగా ఉంటుంది. వ్యూను తెరిచిన ప్రతిసారీ నేటి తేదీ నుండి దానిని తీసివేసి వయసును చూపుతుంది. రాత్రి పని అవసరం లేదు, విద్యుత్తు పోయినా చింత లేదు, ఏ వరుసా మారదు. యాక్సెస్‌లో భద్రపరచిన క్వెరీ ఇదే పని చేస్తుంది.

విత్తన నిల్వ: ఒక సంపూర్ణ ఉదాహరణ

మూడు వర్గాల తేదీలూ ఒకేచోట కలిసేది విత్తన గిడ్డంగి పట్టికలో. భారత కనీస విత్తన ధ్రువీకరణ ప్రమాణాల ప్రకారం ధ్రువీకరణ చెల్లుబాటు మొదట పరీక్ష తేదీ నుండి 9 నెలలు. గడువు తరువాత మళ్ళీ పరీక్షించి విత్తనం ప్రమాణాలకు నిలిస్తే మరో 6 నెలలు పొడిగిస్తారు. ధ్రువీకరించిన వరి విత్తనానికి కనీస మొలక శాతం 80.

ఒక విత్తన రాశిని 2024 నవంబరు 12న పరీక్షించారనుకుంటే, 9 నెలల గడువు 2025 ఆగస్టు 12కు పూర్తవుతుంది. పట్టికలో 'స్థితి' అనే నిలువు వరుస పెట్టి నవంబరులో 'చెల్లుతుంది' అని రాసి ఉంచితే, ఆగస్టు చివరిలోనూ అది 'చెల్లుతుంది' అనే చూపుతుంది. ఆలస్యంగా నాట్లు పడే ప్రాంతానికి ఆ బస్తాలు వెళితే, గడువు తీరిన విత్తనం ధ్రువీకరించిన విత్తనంగా రైతు చేతికి చేరుతుంది. మొలక తగ్గితే నష్టపోయేది ఆ ఖరీఫ్ అంతా.

దీనికి అనువైన నిర్మాణం ఇలా ఉంటుంది. రాశుల పట్టికలో రాశి సంఖ్య, రకం, తరగతి, పరిమాణం ఉంటాయి. పరీక్షల పట్టిక వేరుగా ఉంటుంది. అందులో ప్రతి పరీక్షకూ ఒక వరుస: రాశి సంఖ్య, పరీక్ష తేదీ, మొలక శాతం, తేమ శాతం, చీటీపై ముద్రించిన గడువు తేదీ. ఇవన్నీ సంఘటనలు, స్థిరమైనవి. నమోదు తేదీ, మార్పు తేదీ అనే రెండు నిలువు వరుసలను యంత్రం నింపుతుంది. స్థితి ఎక్కడా నిల్వ ఉండదు. రాశికి సంబంధించిన చివరి పరీక్షను తీసుకొని, మొలక శాతం ప్రమాణానికి తగ్గకుండా ఉండి, గడువు తేదీ నేటికంటే వెనుకబడకుండా ఉంటే 'చెల్లుతుంది' అని, లేకుంటే 'పునఃపరీక్ష అవసరం' అని వ్యూ చూపుతుంది. రాబోయే 30 రోజులలో గడువు తీరే రాశుల జాబితాను కూడా మరొక వ్యూ ఇవ్వగలదు.

పునఃపరీక్ష జరిగినప్పుడు పాత పరీక్ష తేదీని చెరిపి కొత్త తేదీ రాయకూడదు. కొత్త వరుస చేర్చాలి. అప్పుడు ఒకే రాశి మొలక శాతం నిల్వలో నెలనెలా ఎలా తగ్గిందో పట్టికలోనే మిగులుతుంది. విత్తన శాస్త్ర పరిశోధకునికి ఆ వరుసలే విలువైన దత్తాంశం.

నెలలు కలిపే లెక్కలో ఒక సూక్ష్మం ఉంది. 2024 మే 31కి 9 నెలలు కలిపితే ఫిబ్రవరి 31 రావాలి. అటువంటి రోజు లేదు. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ దానిని 2025 ఫిబ్రవరి 28గా నిర్ణయిస్తాయి. ఎస్‌క్యూలైట్ సాధారణ పద్ధతిలో మిగిలిన రోజులను ముందుకు జరిపి మార్చి 3గా చూపుతుంది. అందువల్లనే గడువు తేదీని ఒక్కొక్క కంప్యూటరు లెక్కకు వదలక, చీటీపై ఉన్న తేదీని సంఘటన తేదీగా నమోదు చేయడం సురక్షితం. యంత్రపు లెక్కను సరిచూసుకోవడానికి మాత్రమే వాడాలి.

కాలమండలం తెచ్చే ఒక రోజు తేడా

భారత ప్రామాణిక సమయం అంతర్జాతీయ సమన్వయ సమయం కంటే 5 గంటల 30 నిమిషాలు ముందు ఉంటుంది. సర్వరు గడియారం అంతర్జాతీయ సమయంలో నడుస్తుంటే, ఇక్కడ తెల్లవారుజామున 5:30 గంటలు అయ్యేవరకు దానికి తేదీ నిన్నటిదే. ఎస్‌క్యూలైట్‌లోని ప్రస్తుత తేదీ, ప్రస్తుత సమయం ఎల్లప్పుడూ అంతర్జాతీయ సమయంలోనే వస్తాయి.

పగటి పూట పనిచేసే కార్యాలయంలో ఈ దోషం కనిపించదు. పశు పరిశోధన క్షేత్రంలో కనిపిస్తుంది. ఉదయం 4:30 గంటలకు పితికిన పాలను పాకలోనే ఫోనులో నమోదు చేస్తే, యంత్రం ఇచ్చే తేదీ నిన్నటిది. సాయంత్రం పాలు నేటి తేదీతో చేరుతాయి. ఫలితంగా ఒక రోజు ఉదయపు పాలు ముందు రోజు ఖాతాలో కలుస్తాయి. నెల మొత్తం దాదాపు సరిగానే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కానీ దాణా మార్చిన రోజున పాల దిగుబడిలో వచ్చిన మార్పును పరిశీలించే ప్రయోగంలో మొదటి పూట లెక్క తప్పుతుంది.

దీనికి పరిష్కారం రెండు భాగాలు. నమోదు సమయాన్ని అంతర్జాతీయ సమయంలో నిల్వచేసి, చూపేటప్పుడు భారత సమయానికి మార్చాలి. పోస్ట్‌గ్రెస్‌లో కాలమండలంతో కూడిన సమయ రకం, మైఎస్‌క్యూఎల్‌లో టైమ్‌స్టాంప్ రకం ఈ మార్పిడిని స్వయంగా చేస్తాయి, అనుసంధాన సమయంలో కాలమండలాన్ని సరిగా అమర్చితే చాలు. పాలు పితికిన తేదీ, పూట మాత్రం సంఘటనకు చెందినవి కాబట్టి వేరే నిలువు వరుసలలో మనిషే ఎంచుకోవాలి.

పాత విలువను భద్రపరచడం

చివరి మార్పు తేదీ 'ఎప్పుడు మారింది' అన్నది మాత్రమే చెబుతుంది. 'ఏమి మారింది' అన్నది చెప్పదు. ఊరి పేరు వర్ణక్రమాన్ని పట్టికంతటా ఒకేసారి సరిదిద్దితే వేల వరుసల మార్పు తేదీ ఒకే రోజుకు మారి, అంతకు ముందు జరిగిన మార్పుల జాడ పోతుంది. పరిశోధన రికార్డుకు చరిత్ర పట్టిక అవసరం. మార్పు తరువాత నడిచే ట్రిగ్గర్ పాత వరుసను, మార్పు సమయాన్ని, మార్చిన ఖాతా పేరును ఆ పట్టికలో చేర్చుతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2016లో, మారియాడీబీ 10.3లో వరుసల పాత రూపాలను డేటాబేసే భద్రపరిచే సౌకర్యం ఉంది. విత్తిన తేదీ పొరపాటున మారినా పాత తేదీ దొరుకుతుంది.

అమలుకు ముందు పరీక్ష

కొత్త పట్టికను వాడుకలోకి తేవడానికి ముందు దాని నకలుపై ఈ పరీక్షలు జరపాలి.

1. సంఘటన తేదీ రాయకుండా ఒక వరుసను చేర్చి చూడాలి. డేటాబేస్ దానిని నిరాకరించాలి.

2. మడి సంఖ్యను మాత్రమే మార్చి చూడాలి. మార్పు తేదీ మారాలి. విత్తిన తేదీ, నమోదు తేదీ మారకూడదు.

3. ఏ విలువా మార్చకుండా వరుసను మళ్ళీ భద్రపరచాలి. మార్పు తేదీ మారకూడదు.

4. నమోదు తెర ద్వారా ఒకసారి, నేరుగా పట్టికలో ఒకసారి మార్పు చేసి చూడాలి. రెండింటిలోనూ మార్పు తేదీ నమోదు కావాలి.

5. తెల్లవారుజామున 5:30కు ముందు ఒక వరుసను చేర్చి, తేదీ ఆ రోజుదే ఉన్నదో లేదో చూడాలి.

6. గడువు నిన్న తీరిన రాశిని, నేడు తీరే రాశిని, రేపు తీరే రాశిని చేర్చి, వ్యూ మూడింటి స్థితిని సరిగా చూపుతున్నదో లేదో గమనించాలి.

7. పదిమడుల తేదీలను క్షేత్ర పుస్తకంతో సరిపోల్చాలి. ఈ పరీక్షను సీజనులో కనీసం రెండుసార్లు, కోతకు ముందు తప్పనిసరిగా చేయాలి.

ముగింపు

తేదీలను ఎప్పటికప్పుడు సరిగా ఉంచడం అంటే అన్ని తేదీలనూ ఎప్పటికప్పుడు మార్చడం కాదు. పొలంలో జరిగినదానిని స్థిరంగా ఉంచాలి. రికార్డులో జరిగినదానిని యంత్రానికి అప్పగించాలి. నేటి మీద ఆధారపడేదానిని నిల్వచేయక అడిగినప్పుడు లెక్కించాలి. పట్టికను నిర్మించే రోజునే ప్రతి తేదీ నిలువు వరుస పక్కన అది ఏ వర్గానికి చెందినదో ఒక్క మాటలో రాసుకుంటే, సాధనం ఎంపిక దానంతట అదే తేలుతుంది. క్షేత్ర పుస్తకాన్ని మాత్రం డేటాబేస్ వచ్చిన తరువాత కూడా పారవేయరాదు. పట్టికలోని తేదీపై సందేహం కలిగినప్పుడు సాక్ష్యం చెప్పగలిగినది ఆ పుస్తకమే.